శకటనిశ్వాసము

శ్రావణమాసమున కొల్లేటిసీమను ప్రాతఃకాలమందే చూడవలయును. రేయెల్ల కురిసి కురిసి అలసిన నీలమేఘములు తాటితోపుల తలలపై చేరగిలబడి సేదదీరుచుండగా, గుఱ్ఱపుడెక్క తన యూదావన్నె పూవులతో కాలువలను ఈ దరినుండి ఆ దరిదాక కప్పివైచి యిచట నీరున్నదా నేలయున్నదా యని క్రొత్తవారిని భ్రమింపజేయుచుండగా, కొంగలు ఒంటికాలిపై నిలిచి చేపలకొఱకు కపటధ్యానము సలుపుచుండగా, బాలభానుడు మబ్బుల సందునుండి ముఖము చాపి లోకమును ఒక్కమాఱు చూచి మఱల దాగికొనెను. అట్టి సుముహూర్తమున ఆఱుగంటలు దాటిన పది నిమిషములకు చేపపిల్లల కేంద్రపు వాకిటినుండి యొక పికప్పుబండి ఖణఖణధ్వానములతో గట్టుబాట కెక్కెను.

ఆ బండి సామాన్యమైనది కాదు. ఇరువదియేండ్ల ప్రాయము, మూడు రంగుల దేహము, ఒంటికన్ను దీపము గలదియై, బహుపంకనిమగ్నోత్థితమై, శతచికిత్సాలబ్ధజీవితమై, ప్రతిశుక్రవారపసుపుకుంకుమార్చితమై విలసిల్లునది. ఈ కడపటి సమాసమునకు వైయాకరణులు మన్నింతురుగాక. ఆ బండికి తగిన సమాసము వ్యాకరణమున దొరకదు. దాని వెనుకతలుపుపై "నవ్వకే కొత్తబండీ, నేనూ ఒకనాటి కొత్తదాన్నే" అని పచ్చరంగుతో వ్రాసియుండెను. ఆ వ్రాతను చదివి నవ్వనివారు ఆ సీమలో లేరు.

బండికి సారథి పెద్దిరాజు. అతని ప్రక్క కూర్చున్నది అతని యిల్లాలు నాంచారమ్మ. చక్రము పట్టునది అతడే యైనను పెత్తనము మాత్రము ఆమెదని వారి లంకగ్రామమున ఎవ్వరి నడిగినను చెప్పుదురు. వరుసగా రెండేండ్లు వరదవచ్చి ఊరి చెఱువులోని చేపలన్నియు కొల్లేటిపాలు కాగా ఈ యేడు ఇరువదిమంది స్త్రీలు సంఘముగా గూడి ఆ చెఱువున తామే చేపలను పెంచుటకు పూనికొనిరి. చేపపిల్లను తెచ్చుటకు మంచి బండిని కుదుర్చుదమని తక్కినవారందఱు పలుకగా నాంచారమ్మ యొక్కతె కొంగు బిగించి నిలిచి "మా బండి ఉండగా పరాయి బండెందుకే? పిల్ల చచ్చిందంటే నా మొహం చూడకండి. పూచీ నాది!" అని ప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞ యిప్పుడు బండివెనుక తడిగోనెల క్రింద ఏబది సంచులలో ఈదులాడుచుండెను.

చింతాకంతలేసి బొచ్చెపిల్లలును శీలావతిపిల్లలును అవి. ఒక్కొక్క సంచిలో మూడవపాలు నీరుపోసి తక్కినది ప్రాణవాయువుతో నింపి మూతిని రబ్బరుతో బిగించి కట్టియుండిరి. కేంద్రమునందలి పెద్దమనిషి కడపటి సంచిని ఎక్కించుచు "ఆరు గంటలమ్మా! పన్నెండు దాటిందంటే సంచిలో గాలైపోద్ది. ఆనక నన్నడిగి లాభం లేదు. ఈ యేటికి ఇదే ఆఖరు పిల్ల" అని హెచ్చరించెను. గడువు ఆఱుగంటలు, దారి రెండున్నర గంటలు. కావున దంపతులు చింతలేక ఉల్లాసమున బయలుదేఱిరి.

ఉల్లాసమున బయలుదేఱిన దంపతులు కలహింపక ఎంతదూరము పోగలరు? బండి ఇంతకాలము బ్రతికియుండుట తన శుక్రవారపు పూజవలననే యని నాంచారమ్మయు, తన చేతిచలువవలననే యని పెద్దిరాజును ఏండ్ల తరబడి వాదులాడుచుండిరి. ఆనాడును ఆ వాదమే రేగెను.

"నీ బొట్టుకి కాదే నడిచేది, నా చేతికి!"

"నీ చేతికే నడిస్తే పోయినేడు కాలవలోకి ఎందుకు దింపావు మావా?"

అంతలో డీజిలుబంకు వచ్చుటచే పెద్దిరాజు బ్రతికిపోయెను.

ఆ బంకునందొక దుర్ఘటన జరిగెను. డీజిలు పోయుటకు వచ్చిన మీసాలమనిషి టాంకుమూతను తెఱచుటకుముందు దానిపై నాంచారమ్మ నిన్నటి శుక్రవారమున ఉంచిన బొట్టును మురికియని తలచి గుడ్డతో తుడిచివైచెను. ఆమె చూచెను. చూచి యూరకుండునా? "ఏవయ్యా, ఇంతింత మీసాలు పెంచావు, బొట్టు తుడవటానికి చేతులెలా వచ్చాయి నీకు?" అని బంకంతయు మాఱుమ్రోగునట్లు కడిగిపాఱవేసెను. ఆ పిమ్మట మూత బిగింపగానే కొంగుముడినుండి కుంకుమభరిణెను తీసి, ఇక నెవ్వడు తుడుచునో చూతమని, పనిముట్ల పెట్టెలోని గ్రీజుతో కుంకుమను మెదిపి, మూతనడుమ రూపాయిబిళ్లంత బొట్టును చెక్కుచెదరకుండ అద్దెను. బండి తిండి తిను నోరది, దానికి దిష్టి తగులరాదని ఆమె నమ్మకము. పెద్దిరాజు అప్పుడు టీ త్రాగుచుండెను.

బంకు దాటి పదిమైళ్లు పోయిరో లేదో, గంట యేడుంబావు కాగా, బండి రెండుమాఱులు దగ్గి, ఒకమాఱు ఎగసి, ఇరుప్రక్కల నీరే తప్ప నరసంచారములేని గట్టునడుమ చప్పున ఆగిపోయెను. పెద్దిరాజు తాళపుచెవి త్రిప్పెను. సెల్ఫు గిఱ్ఱున తిరిగెను గాని ఇంజను అందుకొనలేదు. మఱల త్రిప్పెను, మఱల నంతే. ముందరి బానెట్టునెత్తి చూచెను, మూసెను, చక్రమును తన్నెను, తల్లీ యని మ్రొక్కెను. వాదమునందు తన చేతిచలువను అంతగా పొగడికొన్న వీరుడు చివరకు ఫోనుతీసి బుడేసాహెబును పిలిచెను.

బుడేసాహెబు డెబ్బదియేండ్ల మెకానిక్కు. నాలుగుమైళ్ల దూరమున కూడలియందు అతని రేకులషెడ్డు. తెల్లని గడ్డము, నల్లని చేతులు. ఇంజనునకు స్క్రూడ్రైవరు మొననానించి పిడిని చెవిలో పెట్టుకొని వినుట అతని విద్య. అట్లు విని ఏ భాగమునకేమి రోగమో చెప్పునని ప్రతీతి. అతడు మోపెడ్డుపై వచ్చునప్పటికి ఎనిమిదింబావు అయ్యెను. నాంచారమ్మ ఎదురేగి "తాతా, వెనకాల ప్రాణాలున్నాయి. పన్నెండు లోపల చెరువులో పడాలి!" అని ఒక్కయూపిరిలో చెప్పెను.

బుడేసాహెబు తొందరపడలేదు. రోగి తొందరపడినను వైద్యుడు తొందరపడరాదని అతని శాస్త్రము. పెద్దిరాజుచేత సెల్ఫు కొట్టించి తాను వెనుకకు పోయి పొగగొట్టము చెంత చేయియుంచి నిలిచెను.

"బ్యాటరీ బాగుంది. సెల్ఫు బాగుంది. పొగ చూడు, ఒక్క పోగు లేదు. అంటే పొయ్యి వెలగట్లేదని కాదు, పొయ్యిలోకి నూనే పోవట్లేదు" అని తీర్పు చెప్పి, ఫిల్టరుపైనున్న గాలిస్క్రూను వదులుచేసి చేతిపంపును నొక్కసాగెను. పంపు నొక్కుడుపడెను గాని పైకి రాదయ్యెను. స్క్రూనుండి చుక్కయు వెలువడలేదు. అతని కనుబొమలు ముడివడెను.

"అమ్మాయ్, ఆ టాంకు మూత తీసి పుల్ల పెట్టి చూడు. డీజిలుందా?"

నాంచారమ్మ మూత త్రిప్పెను. త్రిప్పగానే లోపలనుండి 'ఉస్సు'మని యొక నిట్టూర్పు వినవచ్చెను. ఎండకు కాగిన టాంకుగదా యని ఆమె దాని నంతగా పట్టించుకొనలేదు. పుల్ల జానెడు తడిసెను. "నిండుగా ఉంది తాతా!" అని కేకవేసెను. ఆ కేకతోడనే ఇటు పంపునుండి నురుగులతో, ఆపై నురుగులేని ధారతో డీజిలు చిమ్మెను. బుడేసాహెబు స్క్రూను బిగించి చేయియెత్తెను. పెద్దిరాజు తాళము త్రిప్పెను. ఇంజను గుప్పున నల్లని పొగ విడిచి భళ్లున మేల్కొనెను! నాంచారమ్మ కేరింతకొట్టి మూతబిగించి, వ్రేళ్లు తగిలి కొంచెము చెదరిన బొట్టును మఱల నునుపుగా దిద్ది, అమ్మవారిని తలచుకొని బండియెక్కెను.

"గాలి పట్టేసింది, అంతే. అయినా నాకు నమ్మకం లేదు. నేనూ వస్తా" అని బుడేసాహెబు మోపెడ్డును తాటిచెట్టున కానించి వారితో కూర్చుండెను. అనుభవమన్న అది!

ఎనిమిదిమైళ్లు సాగెను. తొమ్మిదిగంటలు దాటిన కొంతసేపటికి మఱల దగ్గు, మఱల ఎగురు, మఱల నిశ్శబ్దము.

ఇప్పుడు బుడేసాహెబు చొక్కా విప్పెను. అతడు చొక్కా విప్పెనన్న యుద్ధమని అర్థము. గాలి ఎచ్చటనో చొరబడుచున్నదని నిశ్చయించి టాంకునుండి పంపువఱకు గొట్టమును వ్రేళ్లతో తడవి తడవి చూచెను. కీలుకీలునకు దారముచుట్టి బిగించెను. ఫిల్టరునూడదీసి కడిగెను. తాను రోడ్డుపై వెల్లకిల పరుండి బండిగర్భమున ప్రవేశించి అందుండియే "పదమూడు నంబరు స్పానరు! కాదు, పధ్నాలుగు! అదీ కాదు, పక్కడ, ఆ పట్టకారు ఇవ్వరా పెద్దిరాజూ!" అని ఆజ్ఞలు జారీచేయుచుండెను. పెద్దిరాజు పనిముట్ల నందించుచు చెమటతో స్నానమాడెను. ఇంత జరిగినను చేతిపంపు మునుపటివలెనే బిఱ్ఱబిగిసి యుండెను.

"వెనకనుంచి ఎవడో పట్టి లాగుతున్నట్టుందిరా!" అని వృద్ధుడు విసిగికొనెను. "కొంపదీసి టాంకు కారిపోతుందేమో, చూడమ్మాయ్."

నాంచారమ్మ మూతతీసెను. ఉస్సు! ఈమాఱు మునుపటికంటె దీర్ఘముగ, ఎవరో గుండెభారము దించుకొన్నట్లు వినవచ్చెను. డీజిలు నిండుగనే యుండెను. తోడనే పంపు పారెను, ఇంజను లేచెను. బుడేసాహెబు బండిక్రిందనుండి వెలువడి గడ్డమునంటిన బురద తుడుచుకొనుచు "దొంగ జాయింటులో దొరికాడు!" అని మీసము దువ్వెను. పాపము, దొంగ అతని వెనుకనే నవ్వుచుండెను. నాంచారమ్మ మూతబిగించి, అలవాటుచొప్పున బొట్టుపై వ్రేలినొకమాఱు రాచి, పరుగున వచ్చి కూర్చుండెను. గంట పదింబావు.

ఊరికి ఇంకను పదుమూడు లేక పదునాలుగు మైళ్లున్నవి. పోనిమ్ము, పోనిమ్మని పెద్దిరాజును ఆమె తొందరపెట్టెను. గుంటలలో బండియెగురుచుండ ముగ్గురి తలలును పైకప్పునకు తగులుచుండెను. ఎనిమిదిమైళ్లు గడచెను. దూరమున లంకగ్రామపు నీళ్లటాంకు కనబడెను. "అదిగో మా ఊరు!" అని నాంచారమ్మ చేయిచాపినంతనే బండి దగ్గెను.

ఆమె చాపిన చేయి చాపినట్లే యుండిపోయెను. గంట పదిముప్పావు.

బుడేసాహెబు క్రిందికి దిగి ఇంజనువంక చూచెనేగాని చేయిపెట్టలేదు. నలువదియేండ్ల విద్య ఒక్క యిరుకుగొట్టముకడ ఓడిపోయెను. "పంపే పోయిందేమో. పోతే ఇక్కడ అయ్యే పని కాదు" అని మెల్లగా ననెను. పెద్దిరాజు తలపట్టుకొని గట్టుపై కూలబడి, ఊరినుండి ట్రాక్టరును పిలిపింపవచ్చునా యని ఫోను చేయగా, ఆ ట్రాక్టరు ఊడ్పులకు పోయినదని తెలిసెను.

నాంచారమ్మ బండివెనుక కెక్కి గోనె తొలగించెను. ఎంత ఘోరము! తెల్లవాఱుజామున సంచినిండ చెదరి చెంగలించిన పిల్లలన్నియు ఇపుడు నీటిపైపొరకు వచ్చి గుంపులుగా నోళ్లుతెఱచుచు మూయుచుండెను. నీరున్నది, ఈదుటకు చోటున్నది. లేనిది ఊపిరి యొక్కటియే. సంచిమూతికి రబ్బరు బిగిసియున్నది. ఒక్కసారి విప్పిన ఎంత హాయిగా నిట్టూర్చునో గదా ఈ సంచి యని తలచెను, తలచి, ఉలికిపడెను.

నిట్టూర్పు!

మూతతీసిన రెండుమాఱులును 'ఉస్సు'మనెను. మూతతీసిన రెండుమాఱులును బండి లేచెను. జాయింటు బిగించినందువలన కాదు, ఫిల్టరు కడిగినందువలన కాదు, మూత తీసినందువలన! ఆమె బండినుండి ఒక్క దూకున దిగి టాంకుకడకు పరుగెత్తి చెవినానించి మూత త్రిప్పెను. ఉస్సు! మూతను ఎండకెత్తి త్రిప్పి చూచెను. లోపలిప్రక్క నడుమ ఆవగింజంత రంధ్రమున్నది. వెలుపలిప్రక్క ఆ రంధ్రమునకు సరిగా నెదురుగ ఎఱ్ఱగా, గుండ్రముగా, నిగనిగలాడుచున్నది, వారమువారము పెట్టు పొడిబొట్టు కాదు, తాను గ్రీజుతో మెదిపి పెట్టిన బొట్టు.

చదువరులారా, ఆ క్షణమున నాంచారమ్మ మనసులోనికి మనము తొంగిచూడకుండుట మర్యాద. కాని కథకునకు మర్యాద చెల్లదు. ఆమెకు మొదట పెద్దిరాజు ముఖము కనబడెను. తన పూజవలననే బండి నడచుచున్నదని పదేండ్లు గెలిచిన వాదము! ఇకపై ప్రతి భోజనమునకు ఊరగాయతోపాటు ఈ ముచ్చటయు వడ్డింపబడును. మాటలేక మూతను తుడిచి బిగించిన ఎవరికి తెలియును? సాహెబు మఱల ఏదో కీలు బిగించి తనదే ఘనత యనుకొనును, పరువు నిలుచును. ఆమె చేయి కొంగును పట్టికొనెను. కాని ఆ ముసలివాడు పంపుపోయినదని తన విద్యనే శంకించుకొనుచు గడ్డము నిమురుకొనుచుండుట ఆమె కంటబడెను.

"తాతా!" అని అఱచెను. "పంపూ పోలేదు, గింపూ పోలేదు. తప్పు నాది! నా బొట్టే కన్నం మూసేసింది!"

అని మంగళసూత్రమునకు తగిలించిన పిన్నీసును తీసి మూతతోడ అతని చేతికిచ్చెను. బుడేసాహెబు మూతను పెదవులకానించి ఊదెను. బుగ్గలుబ్బెనేగాని గాలి దూరలేదు. పిన్నీసుతో బొట్టుపెళ్లను గీకి రంధ్రమును పొడిచి మఱల ఊదెను. మూత పిప్పీవలె కీచుమని కూసెను! వృద్ధుడు నుదురు కొట్టుకొని పకపక నవ్వెను.

"చంకలో పిల్లనెట్టుకుని ఊరంతా వెతికానే! టాంకులోంచి డీజిలు పోతుంటే ఆ చోట్లోకి గాలి రావాలి కదా. గాలి రాకపోతే అది డీజిల్ని వదలదు. అంతేనమ్మా! బొట్టు నుదుటిమీద పెట్టాలి గానీ, ముక్కులో పెడతారటే తల్లీ?"

నాంచారమ్మ సిగ్గుతో తలవంచి భర్తవంక ఓరగా చూచెను. పెద్దిరాజు నోరు తెఱచెను. తెఱచిన నోటిలో ఏ మాట యుండెనో దైవమునకెఱుక, సంచులవంక చూచి దానిని మ్రింగి, "ఎక్కవే, టైమైపోతుంది!" అని మాత్రమనెను.

ఇంజను ఈమాఱు లేచినది లేచినట్లే యుండెను. దగ్గులేదు, ఎగురులేదు. ఒంటికన్నుబండి గుంటలలోని నీటిని ఇరుప్రక్కల చిమ్ముచు ఇరువదియేండ్ల ప్రాయమును మఱచి రాయల గుఱ్ఱమువలె పాఱెను. పదునొకండుంబావునకు చెఱువుగట్టుపై నిలిచెను. ఇరువదిమంది స్త్రీలలో ఒక్కతె తప్ప తక్కినవారందఱు చీరలెగగట్టి మోకాటిలోతు నీటిలో ఎదురుచూచుచుండిరి.

కాని వెంటనే సంచులు విప్పరాదు. సంచినీటి వేడిమియు చెఱువునీటి వేడిమియు ఒక్కటి కావలెనన్న మూతికట్టు విప్పకయే పావుగంట నీటిపై తేలనీయవలయును. ఏబది సంచులు చెఱువుమీద బుడగలవలె తేలెను. పావుగంట! వేఱొకనాడు కాఫీ త్రాగునంత కాలము, ఆనాడు యుగము. నాంచారమ్మ నడుములోతు నీటిలో నిలిచి మొదటి సంచిని రెండుచేతుల పొదువుకొని లోనికి చూచుచుండెను. ఒక పిల్ల ప్రక్కకు వాలెను. మఱియొకటి వాలెను. "ఇక విప్పండి!" అని పెద్దిరాజు గట్టుపైనుండి గడియారము చూచి కేకవేయగా ఆమె రబ్బరు లాగెను. సంచి 'ఉస్సు'మనెను. పిల్లలు మెల్లగా నీటిలోనికి జాఱి, ఏమియు చేయక, తెప్పవలె ఒకచోట నిలిచెను.

ఎవ్వరును ఊపిరి విడువలేదు.

అంతలో ఒకటి తోకనాడించెను. దాని ప్రక్కది ఆడించెను. పిదప నెవ్వరో నీటిక్రింద వెండిరజను చల్లినట్లు గుంపంతయు ఒక్కపెట్టున తళుక్కుమని చెదరి చెఱువులోతునకు పరుగెత్తెను! గట్టుమీదను నీటిలోను ఆడవారి కేకలు మిన్నుముట్టెను. ఒక్కొక్క సంచియే విప్పుచుండిరి, ఒక్కొక్క సంచికి ఒక్కొక్క కేక. చచ్చినవి లేకపోలేదు, దోసెడు తేలెను. దోసెడు ఏ దారిలోనైనను పోవునవే యని వారెఱుగుదురు. నాంచారమ్మ ఆ నీటిలోనే నిలిచి సిగ్గులేక వెక్కివెక్కి యేడ్చెను, ఏడ్చుచు నవ్వెను.

అప్పుడు సంఘపు పెద్దావిడ గట్టుకు వచ్చి "ఏం పెద్దిరాజూ, తొమ్మిదింటికి వస్తామని ఇంతసేపా? మా పైప్రాణాలు పైనే పోయాయి. బండికేమైంది?" అని యడిగెను.

నాంచారమ్మ యేడుపు ఆగిపోయెను. బుడేసాహెబు ఆకాశమున మబ్బులు లెక్కించుచుండెను. పెద్దిరాజు భార్యవంక చూచెను; పదేండ్ల వాదమునకు ఇరువదిమంది సాక్షులయెదుట ప్రతీకారము! ఇట్టి యదను మగవానికి జన్మకొకమాఱు వచ్చునో రాదో.

"దారిలో బండికి ఊపిరాడలేదొదినా" అని అతడు తాపీగా ననెను. "నాకూ తెలీలేదు, సాయిబుకీ తెలీలేదు. మా నాంచారే కనిపెట్టింది. అది లేకపోతే ఇవాళ పిల్లంతా పోయేదే."

ఇందులో అబద్ధమొక్క యక్షరము లేదు. నాంచారమ్మ తడికొంగుతో ముఖము తుడుచుకొను నెపమున చాలసేపు తుడుచుకొనెను.

తరువాతి శుక్రవారమున ఆమె పసుపుకుంకుమల పళ్లెముతో బండికడకు వచ్చునప్పటికి పెద్దిరాజు ముందే అచట నిలిచి చీపురుపుల్లతో టాంకుమూత రంధ్రమును పొడుచుచుండెను. ఇకనైనను ఎత్తిపొడుచునేమో యని ఆమె కాచుకొనెను. అతడు పుల్లను పాఱవైచి, మూతకు జానెడుపైన రేకుపై వ్రేలుంచి, "ఇదిగో, నుదురు ఇక్కడుంది. పెట్టు" అనెను. ఆమె పెట్టెను.

భక్తియైనను, ప్రేమయైనను, పంతమైనను ఎంత గాఢమైన నంత మంచిదే. కాని నడుమ ఆవగింజంత సందు విడిచినపుడే అది బ్రతుకును, ఎదుటిదానిని బ్రతుకనిచ్చును. నాటినుండి ఆ బండి యాగిపోయినను, ఆ దంపతుల వాదమే బిగిసిపోయినను, ఇరువురిలో నెవ్వరో యొకరు ముందుగా మూతతీసి చూచెడివారు.